తల లోపలికి తీసుకోని తాబేలు

ముత్యాలరేవు మత్స్య ప్రదర్శనశాలలో ఆ ఉదయం తల ఎత్తుకుని ఉన్నది ఒక్క తాబేలే.

మిగతా అందరూ దించుకున్నారు. టికెట్ల గుమస్తా దించుకున్నాడు. నీళ్ల మోటారు చూసే కన్నారావు నడుం పట్టేసిన మనిషి. వంగితే మళ్లీ లేపడానికి ఎవరో ఒకరు రావాలి. అయినా వంగాడు. జీవాలకు చేపలు వేసే పైడమ్మ బకెట్ కింద పెట్టకుండానే వంగింది. సూపరింటెండెంట్ వరహాలరావు వంగాడో లేదో మాత్రం చూసేవాళ్లకు తెలియలేదు. అతను ఎప్పుడూ అలాగే ఉంటాడు. అతనికి మెడ ఉందన్న సంగతి పెళ్లిఫోటో చూసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పై అధికారి ఒకాయన గట్టిగా దగ్గితే అతని తల భుజాల మధ్యకు దిగింది. దగ్గు ఆగాక బయటికి తీద్దామనుకున్నాడు. ఈలోగా ఇంకొకాయన దగ్గారు.

అందరూ ఇలా తలలు దించుకోవడానికి కారణం వినయ పథకం. ఈ ప్రదర్శనశాలను నడిపే తీర వినోద సంస్థకు కొత్త కమిషనర్‌గా వచ్చిన పరాంకుశంగారు ఏదో శిక్షణా తరగతికి వెళ్లి, మనిషి మనసు అతని మెడలో ఉంటుందని తెలుసుకుని వచ్చారు. మెడ వంగితే మనసు వంగుతుంది, మనసు వంగితే సంస్థ బాగుపడుతుంది. వచ్చిన వెంటనే ఉత్తర్వు జారీ చేశారు: ‘సంస్థ నుండి జీతము గానీ భత్యము గానీ పొందు యావన్మందియు, అధికారులు సమీపించిన తక్షణమే శిరస్సును అవనతము చేయవలెను.’

భత్యము అన్న మాట రోజుకూలీలు తప్పించుకోకుండా వేసింది. కానీ ముత్యాలరేవులో భత్యానికి ఇంకో చరిత్ర ఉంది. అక్కడి జీవాలకు వేసే చేపల బిల్లులో ‘మేత’ అని రాస్తే, పశువుల శాఖకు పంపుకోండని తిప్పికొట్టేవారు. ‘ఆహారం’ అని రాస్తే హాస్టళ్ల శాఖకు పొమ్మనేవారు. విసిగిపోయిన పాత సూపరింటెండెంట్ ఎవరో ‘దినభత్యం’ అని రాశాడు. బిల్లు మారుమాట లేకుండా పాసైంది. అప్పటినుంచి ఆ ప్రదర్శనశాలలో పెంగ్విన్లు, తాబేలు, ఈల్ చేప, అన్నీ భత్యం పొందుతూనే ఉన్నాయి.

ఆ ఉదయం తనిఖీకి వచ్చిన పరాంకుశంగారు మొదట పెంగ్విన్ల గదికి వెళ్లారు. విదేశంలో ఏదో రేవు పట్టణంతో స్నేహ ఒప్పందం కుదిరి, ఇక్కడినుంచి నటరాజ విగ్రహం వెళ్తే అక్కడినుంచి పెంగ్విన్లు వచ్చాయి. మంచు అక్కర్లేని జాతి. ఏసీ గది, ఉప్పునీళ్ల తొట్టి ఉంటే బతికేస్తాయి. ఆయన అద్దం ముందు నిలబడగానే అవి వరసగా వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి మెడలు వంచాయి.

పరాంకుశంగారు ఆ వరసను ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసుకున్నారు.

“వీటికి ఉత్తర్వు చదివి వినిపించారా?” అన్నారు.

“లేదండి,” అన్నాడు వరహాలరావు. “వాటికవే...”

“స్వచ్ఛందంగా.” ఆ మాటను ఆయన నోట్లో పెట్టుకుని కాసేపు చప్పరించారు. “రాసుకోండి. స్వచ్ఛంద అవనతి.”

పెంగ్విన్లు జంటకు మెడ వంచుతాయి, గూట్లో పెట్టుకున్న గులకరాయికి వంచుతాయి, తుడుపు కర్రకు కూడా వంచుతాయి. ఆ రోజు వంచింది కమిషనర్‌గారి వెనకాల పైడమ్మ చేతిలో ఉన్న బకెట్‌కు. ఇదంతా వరహాలరావుకు తెలుసు. తెలిసిన విషయాలను లోపల భద్రపరచడంలో అతనికి మంచి అనుభవం ఉంది.

తర్వాత తాబేలు తొట్టి. సముద్రపు తాబేలు అది. మరపడవ పంకా తగిలి ముందరి కుడి రెక్క తెగిపోయి, చలికాలం ఒకనాడు ఇసుకలోకి కొట్టుకొచ్చింది. వరహాలరావే దాన్ని తడిగోనెలో చుట్టి తెచ్చాడు. ఒంటిరెక్కతో సముద్రంలో బతకదు కాబట్టి ఇక్కడే ఉండిపోయింది. రికార్డులో దాని పేరు తాబేలు. పైడమ్మ మాలచ్చి అంటుంది. మధ్యాహ్నం జనం లేని వేళ వరహాలరావు ఆ తొట్టి పక్కన స్టూలు వేసుకుని టిఫిన్ తింటాడు. అది పైకొచ్చి అతని ముఖంలోకి చూస్తుంది. ఆ చూపులో అతన్నుంచి ఏదో కావాలన్న ఆత్రం ఉండదు, అతని మీద కోపమూ ఉండదు. అలాంటి చూపు అతనికి ఇంట్లో గానీ ఆఫీసులో గానీ దొరకదు.

మాలచ్చి నీళ్లలోంచి తల పైకెత్తి, బుస్సుమని గాలి వదిలి, పరాంకుశంగారిని అదే చూపు చూసింది.

ఆయన ఆగారు. గొంతు సవరించుకున్నారు. అద్దం మీద ఉంగరంతో కొట్టారు. అది చూస్తూనే ఉంది.

“ఇది తల లోపలికి తీసుకోదా?” అన్నారు పరాంకుశంగారు. “తాబేలన్నాక తీసుకోవాలి కదా. చిన్నప్పుడు పాఠంలో కూడా ఉంది.”

‘సముద్రపు తాబేలుకి ఆ వీలు లేదండి, పెంకులో తలకి చోటు ఉండదు.’ వరహాలరావు దగ్గర ఈ వాక్యం సిద్ధంగా ఉంది. లోపలినుంచి బయలుదేరింది కూడా. గొంతు ఉండవలసిన చోట గొంతు లేక మధ్యలో ఎక్కడో చిక్కుకుపోయింది. బదులుగా బయటికి వచ్చింది వేరే వాక్యం.

“తీసుకుంటుందండి.”

“మరి?”

“ఇవాళ... కొంచెం...”

“ఇష్టం లేదన్నమాట.”

“అవునండి,” అన్నాడు వరహాలరావు.

మెమో వచ్చింది. తాబేలు పేరు మీద, సూపరింటెండెంట్ ద్వారా. వరహాలరావు దాన్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, నిబంధన ప్రకారం పైకి చదివాడు.

“‘...సదరు తాబేలు తల లోనికి తీసుకొను సామర్థ్యము కలిగియుండియు, ఉద్దేశపూర్వకముగా తీసుకొనకపోవుట, స్వయముగా సూపరింటెండెంట్ వాంగ్మూలము వలన రుజువైనది. ఏల చర్య గైకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను. గడువులోగా సమాధానము రానిచో, చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.’”

మాలచ్చి చెప్పుకొనుటకు ఏమియు లేనట్టే ఈదింది.

“ఏటి బాబూ ఇది,” అంది పైడమ్మ. “దానికి మెమో ఏటి?”

“భత్యం తీసుకుంటోంది కదా.”

“మరి ఆ వాంగ్మూలమేటి? మీరేటి సెప్పీసినారు?”

వరహాలరావు కాగితం మడిచాడు. మడిచిందాన్ని మళ్లీ మడిచాడు.

“అది తల లోపలికి లాగదని మీకు తెల్దా?” అంది పైడమ్మ.

“నాకు తెలుసు.”

“మరేటి?”

“ఆ టైములో తెలీలేదు,” అన్నాడు వరహాలరావు. ఆలోచిస్తే అది నిజమే అనిపించింది. భయపడ్డ మనిషికి నిజం మరపున పడదు. అక్కడే ఉంటుంది, కానీ పొరుగువాళ్ల సామానులా, ముట్టుకోకూడదనిపిస్తుంది.

సంజాయిషీ రాలేదు. శిక్షకు ముందు సంస్కరణకు అవకాశం ఇవ్వాలని నియమం ఉంది కాబట్టి, కమిషనర్‌గారు శరీరభాషా నిపుణుడు లలితాదిత్యను పంపించారు. నల్లద్దాలు, సన్న గడ్డం, మెడలో వేలాడే గుర్తింపు కార్డు. అతను తొట్టి చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, మాలచ్చి కళ్లలోకి చూసి లేచాడు.

“సమస్య తలలో లేదండి. తల వెనకాల ఉంది,” అన్నాడు. “దీని బాల్యం చూడండి. తల్లి ఇసుకలో గుడ్లు పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తండ్రి ఎవరో తెలీదు. ఇంట్లో అధికారం అంటే ఏమిటో చూడకుండా పెరిగింది. ఎవరికి తల వంచుతుంది?”

“తాబేళ్లన్నీ అలగే పుడతాయి గద బాబూ,” అంది పైడమ్మ.

“అందుకే జాతి మొత్తం ఇలా తయారైంది.”

చికిత్స మొదలుపెట్టాడు. మంచి సావాసం కోసం పెంగ్విన్లను తెచ్చి తొట్టి ఎదురుగా నిలబెట్టాడు. అప్పటికే వాటికి వినయదూతలన్న హోదా వచ్చింది. భత్యం పెంచారు. పెంచిన భత్యానికి ఒళ్లు చేసి, మెడ వంచబోతే పొట్ట అడ్డం వస్తోంది. అయినా పైడమ్మ బకెట్ చూసి శాయశక్తులా వంచాయి. మాలచ్చి వాటిని చూసింది. తల ఎక్కడిదక్కడే.

తర్వాత కమిషనర్‌గారి ఫోటో తెచ్చి తొట్టి అంచున నిలబెట్టారు. మాలచ్చి పైకొచ్చి ఫోటోను చూసి మునిగిపోయింది. లలితాదిత్య ముఖం వెలిగింది. కాసేపటికి గాలి కోసం మళ్లీ పైకొచ్చింది. ముఖం ఆరిపోయింది. సాయంత్రం దాకా ఇలాగే వెలిగి ఆరి, చివరికి నివేదిక రాశాడు: ‘వినయము కలుగుచున్నది గానీ నిలుచుట లేదు.’

వెళ్లబోతూ అతను వరహాలరావు ముందు ఆగిపోయాడు. పక్కకు తిప్పి చూశాడు. వెనక్కి వెళ్లి చూశాడు.

“సార్, ఇది ఎలా సాధించారు?”

“ఏది?”

“ఈ మెడ. లేదు కదా అసలు. నేను రాష్ట్రమంతా తిరుగుతున్నాను, ఇంత పరిపూర్ణంగా ఎక్కడా చూడలేదు. సాధన ఏమైనా...?”

“సర్వీసు,” అన్నాడు వరహాలరావు.

ఫోటో తీసుకున్నాడు. వారం తిరక్కుండా ఆ ఫోటో పెద్ద పోస్టరై వచ్చింది. ‘ఇదీ వినయం’ అని కింద అక్షరాలు. గేటు దగ్గర, టికెట్ల కిటికీ దగ్గర అంటించారు. పైడమ్మ చీపురు పక్కన పెట్టి, దాన్ని తీరిగ్గా చూసింది.

“ఫోటో బాగొచ్చింది బాబూ.”

“ఊఁ.”

“మాలచ్చి సేత సేయించనేక, మీసేత సేయించీసినారు.”

ఆ మాట వరహాలరావుతోపాటు ఇంటికి వచ్చింది. భోజనం దగ్గర కూర్చుంది. అతను అద్దం ముందు నిలబడి, గడ్డం గీసుకునే నెపంతో, తల కొంచెం పైకి లాగి చూసుకున్నాడు. ఏదో కిర్రుమంది. లోపల సామాను చాలాకాలంగా కదపని గది తలుపులా ఉంది. అతనికి భయం వేసి వదిలేశాడు.

నివేదిక మీద విచారణ ముగిసి, నిర్ణయం వచ్చింది. కొండవలస పట్టణ ఉద్యానవనంలో సంస్థకు ఒక కొలను ఉంది. అందులోని తాబేళ్లు కాపలాదారు ఈల వినగానే తలలు, కాళ్లు, తోకలు అన్నీ లోపలికి తీసుకుంటాయని మంచి పేరు. వాటి మధ్య ఉంచితే మార్పు వస్తుందని మాలచ్చిని అక్కడికి బదిలీ చేశారు. వచ్చే తనిఖీలో కమిషనర్‌గారు స్వయంగా ఆఖరి అవకాశం ఇస్తారు. అప్పటికీ తల తీసుకోకపోతే అదే రోజు పంపించాలి.

కొండవలస కొలనులో ఉన్నది మంచినీళ్లు. మాలచ్చి ఉప్పునీటి జీవి. ఒంటిరెక్కది. అక్కడ బహుశా ఒక వేసవి కూడా దాటదు. వరహాలరావు ఆ సంగతి వివరిస్తూ పై ఆఫీసుకు రాశాడు. జవాబు వచ్చింది: ‘బదిలీ అయిన సిబ్బంది నీరు పడలేదని చెప్పుట సర్వసాధారణము.’

ఆ రోజు తను చెప్పింది అబద్ధమన్న అసలు మాట రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అందుకే ఇంకో దారి వెతికాడు. వినయ పథకంలో ఒక మినహాయింపు ఉంది: మెడ కదపలేని వైకల్యం ఉన్నవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ చూపిస్తే చాలు. వైకల్య ధ్రువపత్రాల శిబిరం ఊళ్లో హైస్కూల్లో జరుగుతోంది. పైడమ్మా అతనూ కలిసి మాలచ్చిని ఒక చిన్న తొట్టిలో పెట్టి, ఆటోలో ఎక్కించి, తీసుకెళ్లి వరసలో నిలబడ్డారు. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి తొట్టిలోకి చూసి, జరిగి చోటిచ్చాడు.

డాక్టరు తల ఎత్తలేదు. ఉదయంనుంచి రాస్తూనే ఉన్నాడు.

“పేరు?”

“మాలచ్చి,” అంది పైడమ్మ.

“ఏమైంది?”

“పంకా తగిలి కుడిది ఎగిరిపోనాది బాబూ.”

డాక్టరు అప్పుడు తొట్టిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. కలం కింద పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆ వరసలో ఇంకా ఎంతమంది ఉన్నారో చూశాడు. రాశాడు.

“మెడ సంగతి కూడా రాయండి డాక్టరుగారూ,” అన్నాడు వరహాలరావు. “తల లోపలికి తీసుకునే వీలు లేదు దానికి.”

“ఫారంలో మెడకి గడి లేదండి. కన్ను, చెవి, చెయ్యి, కాలు, బుద్ధి. బుద్ధి కావాలంటే రాస్తాను.”

“బుద్ధి బాగానే ఉందండి.”

“అయితే ఇదే ఉంటుంది. పింఛనుకి పనికొస్తుంది, పట్టుకెళ్లండి.”

కమిషనర్ కార్యాలయం ఆ సర్టిఫికెట్‌ను తిప్పి పంపింది. చెయ్యి లేకపోవుట మెడ వంచుటకు ఆటంకము కాదు. పింఛను దరఖాస్తు మాత్రం పరిశీలనలో ఉంది.

తనిఖీ రోజు తెల్లారేసరికి గేటు ముందు వ్యాన్ వచ్చి నిలబడింది. వెనకాల నీళ్లు నింపిన ప్లాస్టిక్ తొట్టి, బక్కెట్లు, మగ్గు. డ్రైవర్ దాలినాయుడు టైరు మీద కాలు పెట్టి టీ తాగుతున్నాడు. పరాంకుశంగారు లలితాదిత్యతో సహా దిగారు. సిబ్బంది వంగారు. పెంగ్విన్లను వరసగా నిలబెట్టారు. వాటిలో పెద్దదానికి మెడలో వినయ పతకం ఉంది. ఆ బరువుకు అది వంచిన మెడ ఎత్తలేకపోతోంది.

“తాబేలుకు సంస్థ తరఫున ఆఖరి అవకాశం ఇస్తున్నాం,” అన్నారు పరాంకుశంగారు, తొట్టి ముందు నిలబడి. “పారదర్శకంగా, సాక్షుల సమక్షంలో.”

నీళ్లు కదలలేదు. మాలచ్చి అడుగున రాయి పక్కన ఉంది. అందరూ చూస్తున్నారు. క్షణాలు గడుస్తున్నాయి. వరహాలరావుకు ఒక వెర్రి ఆశ కలిగింది. రాకు, అనుకున్నాడు. ఆయన వెళ్లేదాకా పైకి రాకు. ఊపిరి బిగబట్టు. తెలియకుండానే తనూ బిగబట్టాడు. తాబేలు చాలాసేపు ఉండగలదు, అతను ఉండలేడు. ఛాతీ మండింది. చెవుల్లో హోరు మొదలైంది. ఇన్నేళ్లూ తను గాలి పీల్చుకున్నది ఎలాగో, అంత ఇరుకులోంచి, అతనికి ఒక్కసారి ఆశ్చర్యం వేసింది.

మాలచ్చి పైకి వచ్చింది. తల ఎత్తింది. బుస్సుమంది.

“నిర్ధారణ అయింది,” అన్నారు పరాంకుశంగారు. “నావైపే చూస్తోంది.”

“మీవైపు కాదండి.”

ఎవరో అన్నారు. అందరూ అటూ ఇటూ చూశారు. వంగినవాళ్లు వంగినచోటునుంచే చూశారు. వరహాలరావు నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. భుజాల మధ్యనుంచి పొడుగాటి, తెల్లటి, ఎండ ఎరగని మెడ ఒకటి బయటికి వచ్చి ఉంది.

“అది మిమ్మల్ని చూడ్డానికి తల ఎత్తలేదండి,” అన్నాడు. “ఊపిరి కోసం ఎత్తింది. సముద్రపు తాబేలుకి తల లోపలికి పోదు. పెంకులో చోటు లేదు. ఆ రోజు తీసుకుంటుందని నేను అబద్ధం చెప్పాను.”

లలితాదిత్య మెల్లగా ఫోన్ తీసి, పోస్టర్ మీది ఫోటోనూ మనిషినీ పోల్చుకుని, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

“అబద్ధం చెప్పారు,” అన్నారు పరాంకుశంగారు.

“అవునండి.”

“ఆ మాట తల ఎత్తి చెప్తున్నారు.”

“దించుకుని చెప్పడం రాలేదండి. ఆ రోజు ప్రయత్నించాను.”

పరాంకుశంగారు కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఆయన చెడ్డవారు కాదు. నియమం ఎటు తోస్తే అటు వెళ్తారు. కాసేపు కళ్లు మూసుకున్నారు.

“తాబేలుకి తల లోపలికి తీసుకోవడం చేతకాదు అంటే, అది అవిధేయత కాదు. అసమర్థత,” అన్నారు. “అసమర్థత కారణంగా మన సంస్థలో ఇంతవరకు ఎవరిమీదా చర్య తీసుకోలేదు. ఆ సంప్రదాయం నాతో చెడకూడదు. తాబేలు మీద అభియోగం కొట్టివేయడమైనది.”

పైడమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

“కానీ తల తీసుకునే సామర్థ్యం ఉండీ, నిన్నటిదాకా తీసుకుంటూ ఉండీ, అధికారి సమక్షంలో ఉద్దేశపూర్వకంగా బయటికి పెట్టినవారు ఒకరున్నారు. పైగా వ్యాన్ వచ్చేసింది.”

బదిలీ ఉత్తర్వు తెప్పించారు. ‘తాబేలు’ అన్న చోటల్లా కొట్టేసి ‘సూపరింటెండెంట్’ అని రాశారు. తొందరలో మిగతా షరతులు అలాగే ఉంచేశారు. కొండవలస కొలను సంరక్షకుడిగా, అక్కడి తాబేళ్ల సత్ప్రవర్తన నేర్చుకొనువరకు. తదుపరి ఉత్తర్వుల దాకా ముత్యాలరేవు బాధ్యతలు వినయ పతకం పొందిన పెంగ్విన్‌కు. దాని తరఫున సంతకాలు పైడమ్మ చూసుకోవాలి.

వరహాలరావు తొట్టి దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏదైనా చెప్పాలనిపించింది గానీ, మాలచ్చికి అతన్నుంచి ఎప్పుడూ ఏమీ అక్కర్లేదు.

“ఉప్పు తగ్గకుండా చూడు,” అన్నాడు పైడమ్మతో. “మోటారు ఆగితే కన్నారావుని తిట్టు.”

“తిడతాను బాబూ. ఎల్లిరండి. మెడకి తువ్వాలు సుట్టుకోండి, కందిపోతాది.”

వ్యాన్‌లో ముందు సీటు మీద లలితాదిత్య పోస్టర్ల కట్టలు ఉన్నాయి. వరహాలరావు వెనకాల తొట్టి పక్కన కూర్చున్నాడు. ఊరు దాటి, జీడితోటలు దాటి, ఎండ ముదిరాక దాలినాయుడు రోడ్డు పక్కన ఆపి, దిగి, ఉత్తర్వు విప్పి, వేలు పెట్టి చదువుకున్నాడు. వెనక్కి వచ్చి తొట్టిలో మగ్గు ముంచాడు.

“సూపర్నెంటు గారూ, దారిలో ఆరిపోకుండా తడుపుతా ఉండాలని రాసినారండి. ఏటి సెయ్యమంటారు?”

“ఎవరిని తడపాలని ఉంది?”

దాలినాయుడు మళ్లీ చూశాడు. “బదిలీ అయినవోరిని.”

వరహాలరావు చొక్కా పైబొత్తం విప్పాడు.

“పొయ్యి,” అన్నాడు. “ఉప్పునీళ్లే కదా?”